మాత్ర ఆపి తొమ్మిది రోజులైంది, మళ్ళీ అక్కడి నుంచే మొదలుపెట్టవచ్చా?

ఈ వారం ఉత్తరం గోదావరి జిల్లాల్లోని ఒక పల్లె నుంచి వచ్చింది. రాసినావిడకు 26 ఏళ్ళు. తొలి కాన్పు, ఆడపిల్ల. పాప పుట్టి నేటికి 19 రోజులు. పురిటికి పుట్టింటికి వచ్చి అక్కడే ఉన్నారు. పదహారో ఏట నుంచి ఫిట్స్ ఉన్నాయి. మొట్టమొదట ఇచ్చిన మందుకు ఒళ్ళంతా దద్దుర్లు రావడంతో అది మాన్పించి వాల్‌ప్రోయేట్ ఇచ్చారు. పెళ్ళయ్యాక పిల్లల కోసం అనుకుంటున్నామని చెబితే, న్యూరాలజిస్టు దాన్ని మెల్లగా తప్పించి లామోట్రిజిన్ మీదకు తెచ్చారు. గర్భానికి ముందు రోజుకు 200 మిల్లీగ్రాములు, నెలలు నిండేసరికి 400. కాన్పు దాకా ఒక్క ఫిట్ కూడా రాలేదట.

ఆ తర్వాత జరిగింది ఆవిడ మాటల్లోనే: "మూడో రోజున పాప బుగ్గల మీద, ఛాతీ మీద ఎర్రటి మచ్చలు, మధ్యలో చిన్న పసుపు చుక్కలు వచ్చాయి. అమ్మ ఇంట్లో ఉన్న తామర ట్యూబు రెండు రోజులు రాసింది. నాకేమో వారం తిరిగేసరికి కళ్ళు తిరగడం, ఒక మనిషి ఇద్దరిలా కనపడటం. బాలింత నీరసం అన్నారు. పదో రోజు తమ్ముడు నా మాత్ర పేరు ఫోన్లో కొట్టి చదివాడు. చర్మం మీద దద్దుర్లు వస్తే ప్రాణం మీదికి రావచ్చనీ, పాలలోకి వెళ్తుందనీ ఉంది. మెడికల్ షాపులో అబ్బాయి కూడా బాలింతలకు వద్దన్నాడు. నా మందే పాప ఒళ్ళు అలా చేసిందని ఏడ్చి, ఆ రాత్రి నుంచి ఆపేశాను. నిన్న పొద్దున చెయ్యి ఒక్కసారి ఝల్లుమని కాఫీ గ్లాసు జారిపోయింది. భయమేసింది."

ఆవిడ అడిగినవి మూడు. పాత మోతాదు 400 ఇవాళే మొదలుపెట్టాలా? అమ్మ చెప్పినట్టు పాలు మాన్పించి డబ్బా పాలు పట్టాలా? ఎల్లుండి బారసాలకు అత్తగారు వచ్చి పది రోజులు ఉంటారు, భర్తకు తప్ప ఆ ఇంట్లో ఎవరికీ ఈ జబ్బు సంగతి తెలియదు. ఏం చేయాలి?

అమ్మా,

ముందు మొదటి ప్రశ్న తేలుద్దాం, ఎందుకంటే మిగతావి రేపటికైనా ఆగుతాయి. ఆ పాత మోతాదు ఇవాళ మింగకండి. అలాగని మందు లేకుండా ఇంకో రాత్రి గడపడమూ మంచిది కాదు. ఈ రెండూ వినడానికి ఒకదానికొకటి పొసగనట్టు ఉంటాయి. అందుకే ఈ ఉత్తరం పక్కన పెట్టి మీ న్యూరాలజిస్టుకు ఫోన్ చేయండి. దొరక్కపోతే పురుడు పోసిన డాక్టరుకు చేయండి, లేదా దగ్గర్లోని పెద్దాసుపత్రికి వెళ్ళండి. ఇంతే చెప్పండి: "లామోట్రిజిన్ 400 వాడుతూ తొమ్మిది రోజుల క్రితం ఆపేశాను. కాన్పయి 19 రోజులు. పాలిస్తున్నాను. కాన్పు తర్వాత మోతాదు తగ్గించలేదు, కళ్ళు తిరిగాయి, ఒకటి రెండుగా కనపడింది. నిన్న చెయ్యి ఝల్లుమంది. గతంలో ఇంకో ఫిట్స్ మందుకు దద్దుర్లు వచ్చాయి." ఈ ఆరు ముక్కల్లో ఏది వదిలినా వాళ్ళు వేసే లెక్క మారిపోతుంది.

నేను డాక్టర్ని కాను. ప్రభుత్వాసుపత్రి మందుల కౌంటర్ వెనక ఫార్మసిస్టుగా ఉద్యోగమంతా గడిపిన మనిషిని. పాత మోతాదు వద్దని ఇంత గట్టిగా ఎందుకంటున్నానో చెప్తాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకతను ఇదే మందు చీటీ పట్టుకొచ్చాడు. చీటీ పాతదే, మడతల దగ్గర చిరిగిపోయి ఉంది. మధ్యలో నెల రోజులు పనికోసం ఊరెళ్ళి మందు మానేశాడట. ఆ సంగతి నేను అడగలేదు, అతను చెప్పలేదు. చీటీలో ఉన్నది ఉన్నట్టు లెక్కపెట్టి ఇచ్చాను. మూడో వారంలో వాళ్ళావిడ అతన్ని పట్టుకుని తీసుకొచ్చింది. పెదాలు నల్లగా పెచ్చు కట్టి ఉన్నాయి. కళ్ళు తెరవలేకపోతున్నాడు. గ్లాసుతో నీళ్ళిస్తే నోట్లో పుండ్లకు మింగలేక బయటికి కార్చేశాడు. వీపు మీద చొక్కా అంటుకున్న చోట చర్మం చొక్కాతో పాటే వచ్చింది. బతికాడు, కానీ కళ్ళు ఎండిపోయే బాధ అతన్ని వదల్లేదు. ఆ రోజు నుంచి ఫిట్స్ మందు చీటీ ఎవరు తెచ్చినా "మధ్యలో ఎన్ని రోజులు మానేశారు?" అని అడగకుండా నేను ఒక్క మాత్ర కూడా ఇవ్వలేదు.

ఆ జబ్బు పేరు స్టీవెన్స్ జాన్సన్ సిండ్రోమ్. 1922లో దాని గురించి రాసిన ఇద్దరు అమెరికా పిల్లల డాక్టర్ల పేర్లే దానికి పెట్టారు. లామోట్రిజిన్‌తో అది అరుదు. వచ్చే ప్రమాదం ఎప్పుడు పెరుగుతుందో కూడా తెలుసు: మందు పెద్ద మోతాదుతో మొదలుపెట్టినప్పుడు, తొందరగా పెంచినప్పుడు, వాల్‌ప్రోయేట్‌తో కలిపి వాడినప్పుడు, ఇదివరకు వేరే ఫిట్స్ మందుకు దద్దుర్లు వచ్చిన వాళ్ళకు. మీలో చివరిది ఉంది. ఇవాళ 400 మింగితే మొదటిది కూడా చేతులారా తెచ్చుకున్నట్టు అవుతుంది. మీరు మొదట వాడినప్పుడు గుర్తుందా, 25 మిల్లీగ్రాముల చిన్న బిళ్ళతో మొదలుపెట్టి, రెండేసి వారాలకు ఒకసారి పెంచుకుంటూ వచ్చి ఉంటారు. ఆ నిదానం ఒళ్ళు మందుకు అలవాటు పడటానికే. ఒకటి రెండు పూటలు మర్చిపోతే ఆ అలవాటు పోదు. కానీ ఐదారు రోజులు దాటితే రక్తంలో మందు దాదాపు ఖాళీ. మళ్ళీ మొదటి మెట్టు నుంచే ఎక్కాలి. మీకు తొమ్మిది రోజులైంది.

మెట్లెక్కడానికి వారాలు పడుతుంది, ఆ లోపు ఫిట్ వస్తేనో? న్యాయమైన భయమే. నిన్న చెయ్యి ఝల్లుమనడం ఉత్త నీరసం కాకపోవచ్చు, మందు లేని మెదడు ఇస్తున్న హెచ్చరిక కావచ్చు. అందుకే చాలామంది డాక్టర్లు లామోట్రిజిన్‌ను కింద నుంచి పెంచుకుంటూ, ఈ మధ్య కాలానికి వెంటనే పనిచేసే ఇంకో మందును అడ్డుకట్టలా జోడిస్తారు. క్లోబజామ్ లాంటిది ఇస్తే పాపకు కాస్త మత్తు రావచ్చు, కనిపెట్టుకుని ఉండాలి. లెవెటిరాసిటామ్ ఇస్తే తల్లికి చిరాకు, కోపం, దిగులు రావచ్చు. బాలింతలకు మనసు ముందే సున్నితంగా ఉంటుంది కాబట్టి అది ఇంట్లోవాళ్ళకు ముందుగా తెలిసి ఉండాలి. మీకు ఏది సరిపోతుందో చూసిన డాక్టరే చెప్పగలరు. మీరు మాత్రం "పాలిస్తున్నాను" అన్న మాట మర్చిపోకండి.

ఇక కళ్ళు తిరిగిన సంగతి. మీ ఉత్తరంలో నేను రెండుసార్లు చదివిన చోటు అదే. గర్భంలో ఉండగా ఒళ్ళు లామోట్రిజిన్‌ను చాలా వేగంగా బయటికి పంపేస్తుంది. అందుకే 200 కాస్తా 400 అయింది. కాన్పు కాగానే ఆ వేగం తగ్గడం మొదలై, రెండు మూడు వారాల్లో మామూలుకొస్తుంది. మోతాదు మాత్రం 400 దగ్గరే ఉండిపోతే రక్తంలో మందు పోగుపడుతుంది. తూలడం, వాంతి వచ్చినట్టుండటం, ఒకటి రెండుగా కనపడటం దాని గుర్తులు. కాన్పు తర్వాత ఎలా తగ్గించాలో మామూలుగా ముందే రాసి ఇస్తారు. మీ డిశ్చార్జి ఫైలు ఒకసారి తిరగేయండి, ఏ కాగితం వెనకో ఉండే అవకాశం ఉంది. లేకపోతే ఎవరో చెప్పడం మర్చిపోయారు. అందులో మీ తప్పు లేదు. మందు పడక కాదమ్మా, ఎక్కువైంది. రెంటికీ తేడా ఉంది. పడని మందు జీవితాంతం మానేయాలి, ఎక్కువైన మందు తగ్గిస్తే చాలు.

పాప మచ్చల విషయానికి వస్తాను. రెండో రోజో మూడో రోజో ఎర్రటి మచ్చలు, మధ్యలో చిన్న పసుపు చుక్క, ఇవాళ బుగ్గ మీద, రేపు ఛాతీ మీద, మధ్యలో పాప హాయిగా పాలు తాగుతూనే ఉంటుంది. నెలలు నిండి పుట్టిన పిల్లల్లో ఇంచుమించు సగం మందికి వచ్చే మచ్చలివి. తల్లి ఏ మందూ వాడకపోయినా వస్తాయి. వారం, రెండు వారాల్లో వాటంతటవే పోతాయి. మీరు వర్ణించింది అచ్చం అలాగే ఉంది. కానీ నేను పాపను చూడలేదు, కాబట్టి పిల్లల డాక్టరు ఒకసారి చూడటం మంచిదే. నీటి బుడగల్లా పొక్కినా, చీము పట్టినా, నోట్లో పుండ్లు కనపడినా, ఒళ్ళు వేడెక్కినా, పాలు పట్టడం మానేసినా, కామెర్ల పసుపు రంగు అరికాళ్ళ దాకా దిగినా ఆ రోజే వెళ్ళండి. తమ్ముడు చదివిన దద్దుర్లు, పాప ఒంటి మీద కనపడిన మచ్చలు ఒకే మాటతో పిలుస్తున్నాం గనక ఒకటే అనిపించాయి.

నిజానికి మీ ఉత్తరంలో పాప చర్మానికి ముప్పు ఆ ట్యూబు నుంచి ఉంది. మన ఇళ్ళల్లో అల్మారా పై అరలో మూత ఊడిపోయి, నడుముకు మడత పడి ఉండే ట్యూబే కదా? తామర అని అడిగితే ఇచ్చేవాటిలో చాలావాటికి క్లోబెటసాల్ లాంటి గట్టి స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. దురద వెంటనే తగ్గుతుంది గనక దాన్ని మంచి మందు అనుకుంటాం. వాడిన కొద్దీ చర్మం పలచబడుతుంది, తామర ఇంకా ముదురుతుంది. అలాంటివి పెద్దవాళ్ళకే చీటీ లేకుండా అమ్మకూడదు. పసిపిల్ల బరువు మూడు కిలోలు. ఆ బరువుతో పోలిస్తే చర్మం మనకన్నా రెండు మూడింతలు ఎక్కువ, రాసింది రక్తంలోకి తేలిగ్గా దిగుతుంది. రెండు రోజులు బుగ్గలకు రాసినంత మాత్రాన ప్రమాదం జరిగిపోయిందని భయపడకండి. ఆపేశారు కదా, చాలు. ట్యూబు మీద పేరు రాసుకుని పిల్లల డాక్టరుకు చెప్పండి. అమ్మను ఒక్క మాట కూడా అనకండి, ఆవిడ మనవరాలి బుగ్గలు బాగుండాలనే రాసింది.

అమ్మతోనే ఇంకో రెండు విషయాలు మాట్లాడాలి. బారసాలకు పెట్టెలోంచి పాత చీరలు, పొత్తిగుడ్డలు తీస్తారు. వాటి మధ్య కలరా ఉండలు వేసి ఉంటే ఆ బట్టలు పాపకు చుట్టొద్దు. కొంతమంది పిల్లలకు పుట్టుకతో జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉంటుంది, మనకు ముందుగా తెలియదు. ఆ వాసనకే ఎర్రకణాలు విరిగి కామెర్లు ముదిరిపోతాయి. అలాగే వసకొమ్ము అరగదీసి నాకించడం, ఆముదం పట్టడం ఈ పాప విషయంలో మానేయమనండి.

ఇప్పుడు పాలు. మందు పాలలోకి వెళ్తుందన్నది నిజం. పాలు తాగే పిల్లల రక్తంలో లామోట్రిజిన్ తల్లి రక్తంలో ఉన్నదాంట్లో సగటున ఇంచుమించు మూడో వంతు కనపడుతుంది. ఇది తక్కువేం కాదు, దాచను. అయినా ఈ మందు వాడే తల్లులు పాలివ్వకూడదని వైద్యులు అనరు. కనిపెట్టుకుని ఇమ్మంటారు. పాప కడుపులో ఉన్న తొమ్మిది నెలలూ మాయ గుండా ఇంతకన్నా ఎక్కువే అందుకుంది. షాపు అబ్బాయి "వద్దు" అన్నది అన్ని మందులకూ చెప్పే మాట. పసికందు, మందు అనగానే అలా అనడం సులువు.

ఆ భయం ఊరికే పుట్టలేదు. 1956లో అమెరికాలో, నెలలు తక్కువ పిల్లలకు ఇన్ఫెక్షన్ రాకుండా ఇచ్చిన సల్ఫా మందు కామెర్ల పదార్థాన్ని మెదడుకు ఎక్కించి ఎక్కువ మందిని చంపిందని బయటపడింది. మూడేళ్ళకే, పెద్దవాళ్ళకు పనిచేసే క్లోరాంఫెనికాల్ అనే యాంటీబయాటిక్ పసికందులను బూడిద రంగుకు తిప్పి ప్రాణం తీస్తుందని తెలిసింది. అందుకే మీకు రేపు దగ్గొస్తే కోడీన్ ఉన్న సిరప్ తాగకండి, పాప కామెర్లతో పచ్చగా ఉండగా సల్ఫా మాత్రలు వేసుకోకండి, నొప్పికి ఆస్పిరిన్ బదులు పారాసిటమాల్ అడగండి. ఏ మందు, ఎంత, ఎన్ని రోజుల పిల్ల అన్నది చూడాలి. అన్నిటికీ ఒకే "వద్దు" సరిపోదు.

మీ ముందు దారులు ఇవి. మోతాదు సరిచేసుకుని పూర్తిగా మీ పాలే ఇవ్వవచ్చు. అప్పుడు పాప మరీ మత్తుగా ఉందా, లేపినా పాలు పట్టడం లేదా, బరువు పెరగడం లేదా, ఊపిరి మధ్యమధ్యలో ఆగుతోందా, కొత్తగా దద్దుర్లు వచ్చాయా చూసుకుంటూ ఉండాలి. మొదట చిన్న మోతాదే గనక పాపకు అందేది కూడా మొదట్లో కొంచెమే. రెండోది, పగలు మీ పాలు, రాత్రి ఒక పూట పిండిన పాలో డబ్బా పాలో అమ్మ పట్టడం. పాలు కొంచెం తగ్గవచ్చు, గిన్నెలు మరిగించే పని పెరుగుతుంది, కానీ మీకు ఏకబిగిన నాలుగైదు గంటల నిద్ర దొరుకుతుంది. ఫిట్స్ ఉన్నవాళ్ళకు నిద్ర మందుతో సమానం, నేనైతే దీనివైపే మొగ్గుతాను. మూడోది పూర్తిగా డబ్బా పాలు. ఖర్చు, శుభ్రం కష్టం, తల్లిపాల రక్షణ పోతుంది. అయినా మీ మనసుకు అదే నిమ్మళంగా ఉంటే పాప పెరుగుతుంది, మిమ్మల్ని ఎవరూ నిందించనక్కర్లేదు. పాలిస్తూ మందు మానేయడం నాలుగోది, ఇప్పుడు మీరు ఉన్నది. చేతిలో పాప ఉండగా ఫిట్ వస్తే ఇద్దరికీ దెబ్బ. నిద్రలో వచ్చిన పెద్ద ఫిట్ అరుదుగానైనా ప్రాణం తీస్తుంది. మిగతా మూడింటిలో ఏదైనా దీనికన్నా నయం.

మందు కుదుటపడే దాకా పాపకు మంచం మీద కాకుండా కింద చాప మీద కూర్చుని, గోడకు ఆనుకుని పాలివ్వండి. గుడ్డలు మార్చడం కూడా కిందే. కాళ్ళ మీద వేసుకుని నీళ్ళు పోయడం అమ్మ పని, మీరు వంటరిగా చేయకండి. పాపను ఎత్తుకుని మెట్లు, నూతి గట్టు, పొయ్యి దగ్గరికి పోవద్దు. కొత్త మెట్టు మొదలయ్యాక ఎనిమిది వారాల దాకా మీ చర్మాన్ని రోజూ చూసుకోండి. ఆ రోజుల్లో కొత్త సబ్బు, కొత్త నూనె, కొత్త మందు ఏదీ మొదలుపెట్టకపోతే, దద్దురు వచ్చినప్పుడు ఇది దేనివల్ల అన్న గందరగోళం ఉండదు. ఏ దద్దురైనా ఆ రోజే ఫోటో తీసి డాక్టరుకు చూపించండి. దాంతో పాటు జ్వరం, నోట్లో పుండ్లు, కళ్ళెర్రబడటం, చర్మం ముట్టుకుంటే మంట, పొక్కులు ఉంటే మాత్రం తర్వాతి మాత్ర వేసుకోకుండా నేరుగా ఆసుపత్రికి వెళ్ళండి.

చివరగా అత్తగారు. మీరు మాత్రలు స్ట్రిప్పులోంచి చింపి ఐరన్ మాత్రల డబ్బాలో దాచుకుంటున్నానని రాశారు. చదివి మనసు చివుక్కుమంది. పేరు లేని బిళ్ళ ఎవరి చేతికి చిక్కినా ప్రమాదమే, పైగా దాచి వేసుకునే మందు ఎప్పుడో ఒకప్పుడు తప్పుతుంది. చెప్పకుండా ఉంటే ఈ పది రోజులు గడిచిపోవచ్చు. కానీ మూడో నెలలో అత్తింటికి వెళ్ళాక రాత్రి మీకు ఫిట్ వస్తే పక్కన ఉండేది ఆవిడే. ఏం చేయాలో తెలియక చేతిలో తాళాలు పెట్టడం, నోట్లో చెంచా కుక్కడం చేస్తారు. చెబితే కొన్నాళ్ళు మాటలు పడాలి, పుట్టింటివాళ్ళను అంటారు, దాచారన్న బాధ వాళ్ళకూ ఉంటుంది, అది అబద్ధమూ కాదు. మధ్యదారిగా, ముందు మీ ఆయన తన తల్లికి ఒంటరిగా చెప్పడం ఒకటుంది. పెళ్ళికి ముందు నుంచీ ఉందని, మందుతో అదుపులో ఉందని, తనకు తెలిసే చేసుకున్నానని కొడుకు నోట విన్నప్పుడు ఆ మాట బరువు వేరు. విడాకుల భయం మిమ్మల్ని వెంటాడుతోందని రాశారు. హిందూ వివాహ చట్టంలో మూర్ఛ ఉంటే పెళ్ళిని రద్దు చేయించుకోవచ్చనే మాట ఒకప్పుడు ఉండేది, 1999లో దాన్ని తీసేశారు.

బారసాల ముందే చెప్పాలా, తర్వాతా అన్నది మీ ఇంటి వాతావరణం చూసి మీరే తేల్చుకోండి. చెప్పినప్పుడు మాత్రం జబ్బు పేరుతో ఆగకుండా, ఫిట్ వస్తే ఏం చేయాలో కూడా చెప్పండి: పాపను పక్కకు తీసి, మిమ్మల్ని ఒక పక్కకు తిప్పి, తల కింద మెత్తటిది పెట్టి, నోట్లో ఏదీ పెట్టకుండా గడియారం చూడాలి. ఐదు నిమిషాలు దాటినా, తెలివి రాకుండానే మళ్ళీ వచ్చినా 108.

మీ ఆయన రేపు పొద్దున బస్సుకు వస్తున్నారన్నారు. ఆయన కోసం ఆగకుండా ఫోన్ ఇవాళే చేయండి. రేపు డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు పాపను, ఆ ట్యూబును, ఐరన్ డబ్బాలోని మాత్రలను కూడా తీసుకెళ్ళండి.